బకెట్టు లేని పుస్తకం

అణు ఇంధనం తయారుచేసే కర్మాగారానికి భద్రతా సమీక్ష ఎలా చెయ్యాలో చెప్పే మార్గదర్శకం రాసే బాధ్యతని బరంపురంలోని మా వీధి అరుగు తనంతట తానే తలకెత్తుకుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మా బలం. నియమించినవాడు లేడు, జీతమిచ్చేవాడు లేడు, కాబట్టి తీసేసేవాడూ లేడు. ఇంతకన్నా స్వతంత్రమైన నియంత్రణ సంస్థ దేశంలో మరొకటి ఉంటే పేరు చెప్పండి, అరుగు ఖాళీ చేసి వెళ్లిపోతాం.

మీకేం అర్హత ఉందని హైదరాబాదు నుంచి ఎవరైనా అడగొచ్చు. ఉంది. మా పక్కనే ఛత్రపురం. అక్కడ ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారు సముద్రపొడ్డు ఇసుకలోంచి ఇల్మనైటు, రూటైలు, జిర్కాన్, మోనజైటు వేరు చేస్తారు. జిర్కాన్‌లోంచి జిర్కోనియం తీస్తారు. జిర్కోనియం మిశ్రమలోహంతో సన్నటి గొట్టాలు చేసి, వాటిలో యురేనియం బిళ్లలు పేర్చి, మూతలు వెల్డింగు చేసి, గుత్తులుగా బిగించి రియాక్టర్లకి పంపుతారు. హైదరాబాదులో 1971 నుంచీ ఉన్న అణు ఇంధన సముదాయం చేసే పని ఇదే. ఇసుక ఉన్న ఊరివాళ్లకి గొట్టం గురించి మాట్లాడే హక్కు లేకపోతే ఇంకెవరికుంటుంది? పైగా కిందికి వెళ్తే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామని ఏళ్ల తరబడి చెబుతున్నారు. అంటే అటూ ఇటూ మధ్యలో మేమే.

ఇంకో అర్హత కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఇల్లు కదలకుండా, సామాను సర్దకుండా, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చినవాళ్లం. అప్పట్నుంచీ సర్కారు కాయితం ఏదొచ్చినా ఒక భాషలో చదివించుకుని, ఇంకో భాషలో అర్థం చేసుకుని, మూడో భాషలో సంతకం పెడుతున్నాం. అర్థం కాని పత్రం మీద నిబ్బరంగా సంతకం పెట్టే విద్యలో గంజాం జిల్లా తెలుగువాడిని మించినవాడు లేడు. భద్రతా సమీక్షకి కావలసిన మొదటి లక్షణం ఇదేనని మా పరిశీలనలో తేలింది.

సంఘంలో సభ్యుల గురించి రెండు మాటలు. అధ్యక్షులు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. పట్టు చీరల షావుకారుగారు కోశాధికారి, మనకి కోశం లేకపోయినా. ఒక కాంట్రాక్టరుగారు ఉన్నారు, ఆయన్ని అనుభవం కోసం తీసుకున్నాం. బెంగుళూరు కంపెనీకి ఇంట్లోంచే పనిచేసే మా మేనల్లుడు సాంకేతిక సలహాదారు. సిగ్నల్ బాబాయి రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి, ఆయన్ని పిలవలేదు, అరుగు ఆయనది కాబట్టి తప్పలేదు. నేను కార్యదర్శిని. పూరీ, గుగుని వచ్చాక సభ మొదలైంది.

ముందు విదేశీ పద్ధతులు పరిశీలించాం. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలో ప్లుటోనియం, యురేనియం కలిపి ఇంధనం చేసే ఒక ప్లాంటు తలపెట్టారు. దాన్ని ఎలా సమీక్షించాలో అక్కడి అణు నియంత్రణ సంస్థ 2000 సంవత్సరంలోనే ఒక ప్రామాణిక గ్రంథం అచ్చేసింది. ప్లాంటు కట్టడం 2007లో మొదలైంది. వందల కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, ఒక్క ఇంధన గుత్తి కూడా బయటికి రాకుండానే, 2018లో పని ఆపేశారు. పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సమీక్ష పూర్తయి, కర్మాగారం పూర్తవకపోతే దాన్ని మించిన భద్రత లేదు" అన్నారు. ఇది మా మార్గదర్శకంలో ఆదర్శ స్థితిగా నమోదైంది. కానీ అందరికీ అంత అదృష్టం పట్టదు. కొన్ని కర్మాగారాలు నిజంగానే నడుస్తాయి. వాటి సంగతి చూడాలి.

నడిచే వాటికి అమెరికా వాడి నిబంధన చాలా ముచ్చటగా ఉంది. ఘోరమైన పర్యవసానం ఉన్న ప్రమాదం ఏదైనా 'జరిగే అవకాశం అత్యంత తక్కువ' అనిపించుకోవాలి. అంతకంటే చిన్న ప్రమాదమైతే 'అవకాశం తక్కువ' అయితే చాలు. అసలు నమ్మశక్యం కాని ప్రమాదాల్ని లెక్కలోకే తీసుకోనక్కర్లేదు. మరి 'తక్కువ' అంటే ఎంత, 'అత్యంత' అంటే ఎంత, 'నమ్మశక్యం' ఎవరికి? ఆ నిర్వచనాలు లైసెన్సు అడిగే కంపెనీయే రాసి తన సమర్పణలో జతపరచాలి. నియంత్రణ సంస్థ చూసి ఒప్పుకోవాలనుకోండి, అయినా మొదటి కలం కంపెనీ చేతిలోనే. ఇది విని మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన సర్వీసు మొత్తంలో పాస్ మార్కు ఎంతో పిల్లల్నే రాసుకు రమ్మనాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదట.

మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. అక్కడి మార్గదర్శకంలో ఒక నమూనా పట్టిక ఉంది. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లు. ప్రమాదం తీవ్రతకి ఒకటి నుంచి మూడు దాకా అంకె, జరిగే అవకాశానికి ఒకటి నుంచి మూడు దాకా అంకె. రెండూ గుణిస్తే నాలుగు లోపు వస్తే ఫరవాలేదు. దాటితే కుదరదు. మనిషి ప్రాణం పోయే ప్రమాదం తీవ్రత మూడు. దాని అవకాశానికి రెండు వేస్తే ఆరు, అది చెల్లదు. ఒకటి వేస్తే మూడు, అది చెల్లుతుంది. మావాడు గడిలో రెండు కొట్టేసి ఒకటి వేశాడు. ఎర్రగా ఉన్నది పచ్చగా మారింది. గొట్టం మారలేదు, తొట్టె మారలేదు, మనిషి మారలేదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత భద్రత రావడం చూసి షావుకారుగారికి గొంతు పూడుకుపోయింది.

న్యాయంగా చెప్పాలంటే, ఆ ఒకటి ఊరికే వెయ్యకూడదు. దానికి ఆధారం చూపాలి. ఫలానా కవాటం ఉంది, ఫలానా అలారం ఉంది, ఏడాదికోసారి పరీక్షిస్తున్నాం, సంతకాలు ఇవిగో అనాలి. ఇక్కడ మా ఊరి అనుభవం పనికొచ్చింది. మొన్న మేనల్లుడి చెల్లెలి నిశ్చితార్థానికి ఒక కల్యాణ మండపానికి వెళ్లాం. వంటగది గుమ్మం పక్కన గోడకి ఎర్ర సిలిండరు వేలాడుతోంది, మంటలార్పేది. మెడకి దారంతో కట్టిన కార్డు ఉంది. కార్డు మీద ఏడాదికో గడి. ఈ ఏడాది గడిలో సంతకం ఉంది. వచ్చే ఏడాది గడిలోనూ ఉంది, అదే సిరా, అదే వంకర. ముల్లు మాత్రం ఎర్ర గీత దగ్గర నిద్రపోతోంది. సిలిండరుకి చీరకుచ్చు తగిలించి ఎవరో ఆరేశారు. ఇలాంటి ముందుచూపు గల సంతకాన్ని 'అదనపు రక్షణ'గా లెక్కించాలని కాంట్రాక్టరుగారు ప్రతిపాదించారు. ఆమోదించాం.

అప్పుడు సిగ్నల్ బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఒరే నాయనా, అంకెలూ సంతకాలూ సరే. అక్కడ లీవరు లాక్కుండా పట్టుకునే ఇనప నాలిక ఏటి?"

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. పాత రైల్వే కేబిన్లో లీవర్లన్నీ వరసగా ఉంటాయి. ఒక బండికి దారిచ్చాక దానికి అడ్డం వచ్చే లీవరుని మనిషి లాగలేడు. లాగొద్దని బోర్డు పెట్టడం కాదు, కింద ఇనప పట్టీలు ఒకదాన్నొకటి అడ్డం పడి ఆపేస్తాయి. డ్యూటీలో ఉన్నవాడు నిద్రమత్తులో ఉన్నా, పెళ్లాంతో పోట్లాడి వచ్చినా, పైవాడు ఫోన్లో తిడుతున్నా, లీవరు రాదంటే రాదు. "మనిషి మంచోడైతేనే పనిచేసేది సేఫ్టీ కాదురా, అది దయ" అన్నాడు.

కార్యదర్శిగా నాకు జవాబివ్వక తప్పింది కాదు. ఉంది బాబాయ్, అక్కడా ఇనప నాలిక ఉంది, దాని పేరు ఆకారం. చురుకైన భాగం పెంచిన యురేనియం ద్రావణం ఒకచోట ఎక్కువ పోగైతే, పరమాణువులు పగిలి పక్కవాటిని పగలగొట్టే గొలుసు చర్య దానంతటదే మొదలవుతుంది, దాన్నే క్రిటికాలిటీ అంటారు. అదే ద్రావణాన్ని పొడుగ్గా సన్నగా ఉన్న గొట్టంలో పోస్తే ఆ పగలగొట్టే కణాలు, అంటే న్యూట్రాన్లు, పక్కల నుంచి బయటికి పోతాయి, నిప్పు అందుకోదు. పొట్టిగా లావుగా ఉన్న తొట్టెలో పోస్తే లోపలే తిరిగి తగులుకుంటాయి. అందుకని సన్నటి పాత్రలు పెడితే ఎంత పోసినా భయం లేదు. లావు పాత్ర పెడితే ఎన్ని కిలోలు పొయ్యాలో మనిషి గుర్తుంచుకోవాలి. (మన భారజల రియాక్టర్లకి వాడేది చాలావరకు సహజ యురేనియం. అందులో చురుకైన భాగం 0.7 శాతమే కాబట్టి మామూలు నీళ్లలో ఈ గొడవ రాదు. తారాపూర్‌కి చేసే, చురుకైన భాగం పెంచిన సరుకు దగ్గరే జాగ్రత్త. భయపెట్టడం మా ఉద్దేశం కాదని సంఘం తరఫున మనవి.)

బాబాయి తృప్తిపడ్డాడు. "అయితే అందరూ సన్న గొట్టాలే ఎడతారు కదా?" అన్నాడు.

ఇక్కడ జపాను సంగతి ఎత్తాల్సి వచ్చింది. తొకాయ్‌మురాలో ఒక ఇంధన సంస్థ. ప్రయోగాత్మక రియాక్టరు కోసం, చురుకైన భాగాన్ని 18.8 శాతానికి పెంచిన యురేనియం ద్రావణం తయారుచెయ్యాలి. అనుమతి పొందిన పద్ధతిలో సన్నగా పొడుగ్గా ఉన్న పాత్ర ఉంది, ఇనప నాలిక ఉంది. కానీ దానిలోంచి తియ్యడం ఆలస్యం. పైగా ఎత్తు చాలదు, వంగి తీసుకోవాలి. కంపెనీ తనకు తానే ఇంకో పుస్తకం రాసుకుంది. ఆ పుస్తకంలో స్టెయిన్‌లెస్ స్టీలు బకెట్టు వచ్చింది. ప్రభుత్వం దగ్గరున్న పుస్తకంలో బకెట్టు లేదు. తర్వాత పనివాళ్లు ఆ రెండో పుస్తకాన్నీ దాటి, సన్న పాత్రని పక్కనపెట్టి, బకెట్లతో గరాటు పెట్టి నేరుగా లావు తొట్టెలో పోశారు. ఆ తొట్టెకి పరిమితి 2.4 కిలోల యురేనియం. పోసింది 16 కిలోలు దాటింది. 1999 సెప్టెంబరు 30 ఉదయం ఏడో బకెట్టు పోస్తుండగా నీలం వెలుగు మెరిసింది. అక్కడున్నది ముగ్గురు. ఇద్దరు నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి పోయారు. గొలుసు చర్య దాదాపు 20 గంటలు ఆగుతూ సాగుతూనే ఉంది. చివరికి తొట్టె చుట్టూ ఉండి న్యూట్రాన్లని లోపలికే తిప్పికొడుతున్న చల్లార్చే నీళ్లు తీసేసి ఆపారు. పది కిలోమీటర్ల లోపు మూడు లక్షల మందిని ఇళ్లలోంచి బయటికి రావద్దన్నారు.

అరుగు మీద గుగుని చల్లారింది. నేనే మళ్లీ మొదలుపెట్టాను. ఆ ప్లాంటుకి లైసెన్సిచ్చేటప్పుడు చేసిన భద్రతా సమీక్ష, అక్కడ క్రిటికాలిటీ ప్రమాదం జరగడం నమ్మశక్యం కాదని తేల్చింది. నమ్మశక్యం కానిదానికి ఏర్పాట్లెందుకు? పోసినవాళ్లకి క్రిటికాలిటీ అంటే ఏమిటో నేర్పడం కూడా అనవసరం అయింది.

కాంట్రాక్టరుగారు మాత్రం తేరుకుని, "అందులో తప్పేముందండీ, పని తొందరగా అవ్వాలి కదా. నేనైనా బకెట్టే ఇచ్చేవాణ్ని" అన్నారు. ఆయన నిజాయితీని సభ అభినందించింది. ఈ వ్యవహారమంతటిలో ఉన్నమాట చెప్పిన మొదటి పరిశ్రమ ప్రతినిధి ఆయనే. అప్పటికప్పుడు 'రెండు పుస్తకాల విధానం' తీర్మానం ప్రవేశపెట్టారు. ఒకటి సమీక్షకులకి, అట్ట గట్టిగా ఉండాలి. రెండోది పనివాళ్లకి, నూనె మరకలు తట్టుకోవాలి.

షావుకారుగారికి రేడియేషన్ బెంగ. మా ఇంటికి ఏమైనా సోకుతుందా అని. కొత్త ఇంధనం దగ్గర అసలు బెంగ అది కాదని ఆయన్ని ఊరడించాం. బిళ్లల్ని దాదాపు 1700 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ కొలిమిలో కాలుస్తారు, అది పేలొచ్చు. నత్రికామ్లం ఉంటుంది. జిర్కోనియం సన్నటి రజను గాలి తగిలితే అంటుకుంటుంది. కరిగే రూపంలో యురేనియం ఒంట్లోకి పోతే ముందు దెబ్బతినేవి మూత్రపిండాలు. అమెరికా నిబంధన ప్రకారం ప్లాంటు బయటి మనిషి ఒంట్లోకి అలాంటి యురేనియం 30 మిల్లీగ్రాములు చేరితే అది ఘోర ప్రమాదం కిందే లెక్క. 1986 జనవరిలో ఒక్లహామా రాష్ట్రంలో గోర్ అనే ఊరి దగ్గర యురేనియం రూపం మార్చే ప్లాంటులో సిలిండరులో యురేనియం హెక్సాఫ్లోరైడు నింపుతున్నారు. దాన్ని మోసే బండి చక్రం ఒకటి కాటా దిగి ఉంది. కాటా తక్కువ చూపించింది, ఇంకా నింపారు. ఎక్కువైందని తెలిశాక బయటికి తియ్యడానికి వేడి చేశారు. నిండిపోయిన సిలిండరుని వేడిచెయ్యకూడదని వాళ్ల పుస్తకంలోనే ఉంది. పగిలింది. పోయిన కార్మికుణ్ని చంపింది రేడియేషన్ కాదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పొగ. షావుకారుగారు ఇదంతా విని, "హమ్మయ్య, రేడియేషన్ కాదన్నమాట" అని లేచి షాపుకి వెళ్లిపోయారు. ప్రజల్లో భయాందోళనలు తొలగించడం అనే అధ్యాయం అలా పూర్తయింది.

శిక్షల అధ్యాయానికి మేం కొత్తగా రాయాల్సింది లేకపోయింది. మనవాళ్లే దారి వేశారు. 1962 అణుశక్తి చట్టం కింద చేసే నియమాల్ని ఉల్లంఘిస్తే వేసే జరిమానా 500 రూపాయల దాకా పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉండేది. 2012లో కాగ్ ఈ జరిమానా ఎవరినీ ఆపేంతగా లేదని ఎత్తిచూపింది. కాగ్‌కి బరంపురం బజారు తెలియదు. హెల్మెట్ లేకుండా పట్టుబడితే అంతకన్నా ఎక్కువే పోతుంది. అదే నివేదికలో ఇంకోటి ఉంది. అణుశక్తి నియంత్రణ మండలిని 1983 నవంబరులో ఏర్పాటుచేస్తూ భద్రతా విధానం ఒకటి తయారుచెయ్యమన్నారు, 2012 నాటికీ అది తయారవలేదు. దాదాపు ముప్పై ఏళ్లు తొందరపడకుండా ఆలోచించడం మామూలు విషయం కాదు. అప్పట్లో మండలి జవాబు చెప్పుకోవాల్సి ఉండేది అణుశక్తి కమిషన్‌కి. కమిషన్ అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శే. మండలి చూడాల్సిన ప్లాంట్లు చాలావరకు ఆ శాఖవే. మా వీధిలో పెళ్లిచూపులకి కూడా ఇంత దగ్గర బంధువుల్ని పిలవరు. దీన్ని మార్చి చట్టబద్ధమైన సంస్థని చేస్తామని 2011లో ఒక బిల్లు లోక్‌సభకి తెచ్చారు, 2014లో సభతో పాటే అది మురిగిపోయింది. జపానులో మాత్రం 2003లో కోర్టు ఆ బకెట్ల కంపెనీకి పది లక్షల యెన్‌ల జరిమానా వేసి, ఆరుగురు ఉద్యోగుల్ని దోషులన్నది. జపాను కోర్టుకి ఆ వేడి ఎందుకొచ్చిందో మాకు అర్థం కాలేదు.

ముసాయిదా సిద్ధమయ్యేసరికి ఎండ అరుగెక్కింది. సమీక్షకుడికి భోజనం ప్లాంటు క్యాంటీనులోనే అని రాశాం, బయట తింటే సమయం వృథా. ముందుగా చెప్పకుండా వెళ్లకూడదని రాశాం, మర్యాద కాదు. పనివాణ్ని పలకరిస్తే పని ఆగుతుంది కాబట్టి ప్రశ్నలన్నీ కాన్ఫరెన్సు గదిలో అడగాలి. ఆ పనివాడు ఒడియావాడో తెలుగువాడో బిహారువాడో, హెచ్చరిక బోర్డు ఇంగ్లీషులో ఉంటే అందరికీ సమానంగా అర్థం కాదు, కాబట్టి భాషా వివక్ష ఉండదు. మాస్టారు అచ్చుతప్పులు దిద్దారు. మేనల్లుడు పట్టిక మొత్తం పచ్చగా ఉందని ధ్రువీకరించాడు.

సంతకాలు మొదలయ్యాయి. మాస్టారు పెట్టారు. కాంట్రాక్టరుగారు పెట్టి, షావుకారుగారి తరఫున కూడా పెట్టారు. బాబాయి మాత్రం కళ్లద్దాలు సర్దుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉన్నాడు.

"ఏటి వెతుకుతున్నావ్ బాబాయ్?" అన్నాను.

"బకెట్టు తీసెయ్యమని రాయడానికి. ఎక్కడుందో దొరకట్లేదు."

"ఇందులో లేదు బాబాయ్" అన్నారు కాంట్రాక్టరుగారు, పెన్ను ఆయన చేతికందిస్తూ. "రెండో పుస్తకంలో ఉంది. అది సమీక్షకి రాదు. మీరు సంతకం పెట్టండి."